మా బావ, మరచెయ్యి

మా బావ మనిషిని చూడగానే ముందు మొహం చూడడు, భుజాలు చూస్తాడు. ఎదుటివాడి పేరూ ఉద్యోగమూ వెంటనే మరిచిపోతాడు గానీ, ఎడమ భుజం కుడి భుజం కంటే కాస్త కిందికుందని కనిపెట్టాడంటే ఆ సంగతి మాత్రం జన్మలో మరిచిపోడు. దారిలో ఎదురైనప్పుడల్లా పలకరింపుగా "ఆ భుజం కొంచెం ఎత్తి నడవండి సార్" అంటాడు. కోట్లు కుట్టే దర్జీ ఆయన. వీధి వీధంతా మాస్టారూ అని పిలుస్తుంది. ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. అడగని సలహా చెప్పడంలో మాత్రం బడిపంతుళ్ళు ఆయన ముందు దిగదుడుపే కాబట్టి ఆ పిలుపు అతికినట్టు సరిపోయింది.

నేనాయన బావమరిదిని. ఆయన కొట్టుకు సరిగ్గా ఎదురుగా గుండీలు, దారాలు, కోటు లోపల వేసే అస్తరు గుడ్డలు అమ్ముకుంటాను. నా దగ్గర ఆయన కొన్న గుండీల కంటే తిప్పి పంపినవే ఎక్కువ. "ఇది గుండీయా, పిప్పరమెంటు బిళ్ళా?" అని రోడ్డు అవతల నుంచే అరిచేవాడు. అక్క మొగుడు కాబట్టి మారు మాట్లాడకుండా వేరేవి ఇచ్చేవాణ్ణి. ఆయన నోటికి విశ్రాంతి దొరికేది ఒక్క ట్రయల్ వేసేటప్పుడే. సగం కుట్టిన కోటు మనిషికి తొడిగి, పెదాల మధ్య వరసగా గుండుసూదులు పట్టుకుని, దవడలు బిగించి, ఒక్కో సూదీ తీసి గుచ్చుతూ చుట్టూ తిరిగేవాడు. కత్తిరించేటప్పుడూ అంతే, సూదులు నోట్లోనే. ఆ కాసేపూ వీధికి ప్రశాంతత.

ఒక ఉదయం గుడ్డ కత్తిరిస్తుండగా కత్తెర జారి కింద పడింది. బావ నోట్లో సూదులు తీసి మరీ కత్తెరను తిట్టాడు. తీసి చేతిలో పెట్టుకున్నాడు, మళ్ళీ పడింది. ఈసారి దానికి సాన పెట్టినవాణ్ణి తిట్టాడు. మరోసారి తీయబోయి తనే పడ్డాడు. నేను రోడ్డు దాటి పరిగెత్తేసరికి నేల మీద కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, ఎవరో కొట్లో మరిచిపోయి వెళ్ళిన వస్తువును చూస్తున్నట్టు చూస్తున్నాడు. తిట్లు ఆగిపోయాయి. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే.

మెదడులో ఒక రక్తనాళం మూసుకుపోయిందన్నారు డాక్టర్లు. మాట నిలిచింది. కాలు కొన్నాళ్ళకు చేతికర్ర సాయంతో దారికొచ్చింది. కుడిచెయ్యి మాత్రం రాలేదు, భుజం నుంచి ఊరికే వేలాడుతూ ఉండేది. మాట నిలిచినందుకు మేమంతా ఎంతో సంతోషించాం. ఆ మాటలు పొద్దస్తమానం వినాల్సి వచ్చాక సంతోషం కాస్త తగ్గింది.

కొట్లో మెషిన్ల మీద కుట్టడానికి పనివాళ్ళున్నారు. కత్తెర మాత్రం బావ ఏనాడూ ఇంకొకరి చేతికివ్వలేదు. కత్తిరించేవాడు లేకపోతే కుట్టేవాడికేం పని? ప్యాంట్ల అంచులు మడవడం, జిప్పులు మార్చడం, అదే మిగిలింది. కోట్లకని వచ్చినవాళ్ళకు "మాస్టారికి చెయ్యి బాగవనివ్వండి" అని చెప్పి పంపేవాళ్ళు. ఆ మాట వినపడినప్పుడల్లా బావ లోపలి గదిలోకి వెళ్ళిపోయేవాడు. చెయ్యి వస్తేనే కొట్టు. కొట్టు లేకపోతే మా బావ ఎవరో మా బావకే తెలియదు. ఆయనకు కావలసింది ఆ చెయ్యి ఒక్కటే, ఇంకేమీ కాదు.

అప్పుడు తెలిసింది మరచెయ్యి సంగతి. పెద్దాసుపత్రి వెనక, పాత సామాన్ల గదిని బాగుచేసి వైద్యసాధన కేంద్రంగా మార్చారు. నేలంతా రబ్బరు పట్టాలు, వాటి వాసన, గోడ పొడవునా పట్టుకు నడిచే కడ్డీలు. ఒక మూల బల్ల మీద ఆ యంత్రం. మోచేతి నుంచి వేళ్ళ కొసల దాకా తేలికపాటి లోహపు రేకులు, కీళ్ళ దగ్గర చిన్న చిన్న మోటార్లు, బిగించడానికి పట్టీలు. మన చేతినే అందులో పెట్టి కడతారు. తలకొక టోపీ. టోపీ నిండా గుండీలు, గుండీ గుండీకీ ఒక తీగ. వృత్తిధర్మం కొద్దీ వంగి చూశాను. గుండీలు మంచివే.

దాన్ని నడిపేది ఒక ఇంజినీరమ్మాయి. జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, ఆ పెన్సిలు కోసమే గదంతా వెతుక్కునే మనిషి. బావ జుట్టులో జిడ్డు జెల్లు రాస్తూ ఓపిగ్గా చెప్పింది.

"మాస్టారూ, చెయ్యి కదపాలి అనుకోగానే మెదడులో ఒక సంకేతం పుడుతుంది. చెయ్యి కదలకపోయినా అది పుడుతుంది. ఈ టోపీ దాన్ని పట్టుకుంటుంది. పట్టుకోగానే మిషను మీ చేతిని కదుపుతుంది. అనుకోవడం, కదలడం, అనుకోవడం, కదలడం. అలా చెయ్యగా చెయ్యగా పాడైన దారి పక్కనే ఇంకో దారి పడుతుంది. ఆ తర్వాత మీకు మిషను అక్కర్లేదు."

"అంటే, నేను కూర్చుని ఊరికే అనుకుంటే చాలా?" అన్నాడు బావ.

"చాలు."

"అది ఆయనకు బాగా అలవాటున్న పనేనమ్మా" అంది మా అక్క.

ఎదురుగా తెర మీద బాణం గుర్తు వచ్చినప్పుడు కుడిచేతితో ఏదైనా చేస్తున్నట్టు అనుకోవాలి. బాణం పోతే మానెయ్యాలి. బావ ఏమనుకుంటాడు? కత్తెర పట్టుకుని గుడ్డ కత్తిరిస్తున్నట్టు అనుకున్నాడు. మొదట్లో కొన్నాళ్ళు మిషను ఆయన సంకేతాలను నేర్చుకుంటూ ఊరుకుంది. ఒకరోజు బాణం రాగానే మోటార్లు గుర్రుమన్నాయి. రేకుల మధ్య బావ వేళ్ళు ముడుచుకున్నాయి. అక్క ఏడ్చేసింది. నేనూ ఏడ్చాననుకోండి, కాకపోతే కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టు నటించాను.

అక్కణ్ణుంచి బావను పట్టుకోవడం మా తరం కాలేదు. మిగతా రోగులకు బాణం పదిసార్లొస్తే చెయ్యి ఏ ఒకటి రెండుసార్లో కదిలేది. బావకు బాణం రావడమే ఆలస్యం, టక్కున మూసుకునేది. ఇంజినీరమ్మాయి ఆశ్చర్యపోయింది. పెద్ద డాక్టరు వచ్చి చూసి, వీపు తట్టి, ఇలాంటి మెదడు అరుదన్నాడు. అసలే కోతి అన్నట్టు, మా బావకు ఆ మాట చాలు. వంతు కోసం కూర్చున్నవాళ్ళ దగ్గరికి కర్ర పట్టుకుని వెళ్ళి మరీ పాఠాలు మొదలుపెట్టాడు.

"ఆలోచన సూటిగా ఉండాలి బాబూ. సుద్దగీత గీసినట్టు ఉండాలి. నీ ఆలోచన ఎక్కడో వంకర పోతోంది, చూసుకో."

ఆ బాబు వయసు మా బావ కంటే ఎక్కువే. పాపం, తల ఊపి వంకర ఎక్కడుందా అని వెతుక్కునేవాడు.

ఇంటికొచ్చాక మాత్రం చెయ్యి మామూలే. భోజనం ఎడమచేత్తోనే. పొద్దున్నే చొక్కా గుండీలు అక్కే పెట్టాలి. "అక్కడ అంత ఠక్కున కదిలే చెయ్యి ఇంట్లో చిటికెన వేలు కూడా కదలదేమిటండీ?" అని అక్క అడిగితే, "ఇంట్లో మిషను ఏదే?" అనేవాడు. తిరుగులేని జవాబు. నేనూ నిజమేననుకున్నాను. అక్క మాత్రం పొద్దున పొద్దునా ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పి చూసి, మళ్ళీ ముడిచి, ఏమీ అనకుండా వంటింట్లోకి వెళ్ళిపోయేది.

ఈలోగా వేరే ఆసుపత్రుల నుంచి డాక్టర్లు ఈ యంత్రాన్ని చూడటానికి వస్తున్నారని కబురొచ్చింది. ఎవరి చేత చేయించి చూపిస్తారు? ఇంకెవరు, మా బావే. ఆయన హడావుడి చూడాలి. తన నల్లకోటు బయటకు తీయించి, మరచెయ్యి పట్టేలా కుడిచేతి కుట్లు విప్పించి, టిచ్ బటన్లు వేయించాడు. నా కొట్టు నుంచి తిప్పి పంపకుండా తీసుకున్న సరుకు చరిత్రలో అదొక్కటే.

ఆ ముందురోజే దవడపన్ను పోటు మొదలైంది. బుగ్గ బూరెలా ఉబ్బింది. పళ్ళ డాక్టరు చూసి, పన్ను పుచ్చి పగిలిందని పీకేసి దూది పెట్టి పంపాడు. "రేపు మానేద్దాం" అని అక్క అంటే, "నాకు కావలసింది మెదడు, పన్ను కాదు" అన్నాడు బావ దూది నమిలినట్టు మాట్లాడుతూ.

మర్నాడు గదినిండా తెల్లకోట్ల వాళ్ళు. ఆ కోట్ల కుట్టు చూసి బావ మొహం చిట్లించడం నేను గమనించాను. పెద్ద డాక్టరు నాలుగు మాటలు గొప్పగా చెప్పాడు. బాణం వచ్చింది. మరచెయ్యి కదల్లేదు. బాణం పోయి మళ్ళీ వచ్చింది. ఊహూఁ. ఇంజినీరమ్మాయి తీగలు సర్దింది, టోపీ బిగించింది, ఇంకాస్త జెల్లు రాసింది. బావ చెమటలు పోస్తూ బాణం వంక గుడ్లురిమి చూశాడు. చెయ్యి ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు అలాగే ఉంది. వచ్చినవాళ్ళు మర్యాదగా దగ్గి, మర్యాదగా వెళ్ళిపోయారు. "మీ మిషను చెడిపోయిందమ్మా" అని బావ తీర్పు చెప్పాడు.

మిషను చెడిపోలేదు. ఆ మధ్యాహ్నమే ఇంకో రోగికి పెట్టి చూస్తే చక్కగా పనిచేసింది. మర్నాడు ఇంజినీరమ్మాయి బావను కూర్చోబెట్టి, మొదటి నుంచి చూద్దామంది.

"ఇప్పుడు రోజూలాగే గుడ్డ కత్తిరిస్తున్నట్టు అనుకోండి మాస్టారూ."

బావ అనుకున్నాడు. వెంటనే "అబ్బా!" అన్నాడు.

"ఏమైంది?"

"పన్ను పీకిన చోట సలుపమ్మా."

"చెయ్యి కదపాలనుకుంటే పన్ను ఎందుకు సలుపుతుంది?"

ఆ అమ్మాయి సొరుగులోంచి తీగలున్న గుండీలు రెండు తీసి బావ బుగ్గలకు చెరొకటి అంటించింది. ఇంకోసారి అనుకోమంది. బావ మళ్ళీ కత్తెర పట్టుకున్నట్టు అనుకున్నాడు, మళ్ళీ అబ్బా అన్నాడు. బుగ్గల తాలూకు గీతలు తెర మీద ఎగిరి గంతేశాయి.

నాకు అప్పుడు వెలిగింది, అక్కకు నాకంటే ముందే వెలిగింది. మా బావ కత్తెర తలుచుకున్నాడంటే నోట్లో సూదులున్నట్టే. పెదాలు బిగుస్తాయి, దవడ బిగుస్తుంది. ఏళ్ళ తరబడి అలవాటు, ఆయనకే తెలియదు. ఇన్నాళ్ళూ మరచేతిని ఆడించింది మెదడు కాదు, దవడ. అరుదైన మెదడని మెచ్చుకున్నప్పుడల్లా బాణానికి జవాబు చెప్పింది మా బావ పళ్ళే. పన్ను పీకేసరికి ఆ దవడ బిగుసుకోబోయి, నొప్పికి మధ్యలోనే వదిలేస్తోంది, అంతే.

"తప్పు నాదే" అంది ఇంజినీరమ్మాయి తల పట్టుకుని. "దవడ కండరం బిగిస్తే వచ్చే సంకేతం చాలా పెద్దది. పక్కింటి రేడియో మోతలో ఇక్కడి గుసగుస వినపడనట్టు. మిషను ఆ మోతనే నేర్చేసుకుంది. నేను బుగ్గల మీద కూడా పెట్టి చూడాల్సింది."

బావ మొహం కందగడ్డ అయింది. "కదిలిందా, లేదా? పళ్ళతో కదిలితేనేం, కాళ్ళతో కదిలితేనేం?"

"మరచెయ్యి కదలడానికి పళ్ళు చాలు మాస్టారూ. మీ చెయ్యి కదలడానికి చాలవు. దారి వేసుకోవాల్సింది మీ మెదడు. ఇన్నాళ్ళూ దానికి మనం పనే చెప్పలేదు."

ఆ మాట బావకు ఎక్కడో తగిలింది. లేచి, కర్ర పట్టుకుని, టోపీ కూడా తీయకుండా గుమ్మం దాకా వెళ్ళాడు. తీగలు లాగి వెనక్కి పట్టాయి కాబట్టి ఆగాడు.

తర్వాత రెండు రోజులు ఆసుపత్రికి రానన్నాడు. కొట్టుకీ వెళ్ళలేదు. "నేను మోసగాణ్ణనుకుంటున్నారు, ఆ బాబు నవ్వుతాడు, ఈ మొహం పెట్టుకుని ఎలా వెళ్ళను?" అన్నాడు. ఆ బాబు అంటే వంకర ఆలోచన పెద్దాయన. నేను ఏదో నచ్చచెప్పబోయాను. అక్క నన్ను పక్కకు జరిపింది. ఆయన ముందు నిలబడి చొక్కా గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. సగం దాకా పెట్టి ఆపేసింది.

"ఏవండీ, మీకు అక్కడ చప్పట్లు కొట్టినన్నాళ్ళూ ఇక్కడ నేను గుండీలు పెడుతూనే ఉన్నాను. ఒక్క రోజు తప్పిందా?"

బావ గోడ వంక చూశాడు.

"నాకు పెట్టడం బరువు కాదు. చచ్చేదాకా పెడతాను. కానీ నేను గుండీ పెడుతున్నంతసేపూ మీరు గోడ వంక చూస్తారే, అది చూడలేకపోతున్నానండీ" అంది. మొహం పక్కకు తిప్పుకుంది. మిగతా గుండీలు నేను పెట్టాను. బావ ఈసారి గోడ వంక చూడలేదు, అక్క వంక చూశాడు. బస్సు వేళకు తయారై గుమ్మంలో నిలబడ్డాడు.

కొత్త పద్ధతి ఏమిటంటే, బుగ్గల మీద గుండీలు అలాగే ఉంటాయి. దవడ ఏమాత్రం బిగిసినా తెర ఎర్రబడుతుంది, మరచెయ్యి ఉలకదు పలకదు. ఆ పూటంతా తెర ఎర్రగానే ఉంది. అప్పుడు ఇంజినీరమ్మాయి కాస్త మొహమాటపడుతూ చెప్పింది.

"మాస్టారూ, నోరు కొంచెం తెరిచి, దవడ పూర్తిగా వదిలేసి కూర్చోవాలి. నాలుక కూడా."

"నోరు వెళ్ళబెట్టుకుని కూర్చోమంటారా?" అన్నాడు బావ. "ఈ వీధుల్లో నాకో పేరుందమ్మా. రేపు ఎవరైనా కోటు కుట్టించుకుందామని వచ్చి ఆ మొహం చూస్తే, కొలతలు ఇచ్చి వెళ్తాడా, చిల్లర వేసి వెళ్తాడా?"

ఎంత బతిమాలినా వినడు. మా అక్క ఒక స్టూలు లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. నోరు తెరిచింది. తెరిచి అలాగే ఉండిపోయింది. మా అక్క నోరు తెరిచి మాట్లాడకుండా ఉండటం నేను పుట్టి బుద్ధెరిగాక అదే చూడటం. మధ్యలో ఒక్కసారి మూసి, "ఒరేయ్, నువ్వూ" అని, మళ్ళీ తెరిచింది. నేనూ తెరిచాను. ఇంజినీరమ్మాయి మా ఇద్దర్నీ చూసి, నవ్వాపుకుని, తనూ తెరిచింది. బావ ముగ్గురి వంకా మార్చి మార్చి చూసి, ఇక తప్పదని దవడ వదిలాడు. తెర మీద ఎరుపు పోయింది. సరిగ్గా అప్పుడే పెద్ద డాక్టరు తలుపు తీసుకుని వచ్చాడు. నలుగురం నోళ్ళు తెరుచుకుని ఆయన వంక చూశాం. ఆయన ఒక్క క్షణం నిలబడి, చప్పుడు కాకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎరుపు పోయింది గానీ చెయ్యి రాలేదు. కత్తెర తలుచుకుంటే పెదాలు బిగుసుకునేవి. పెదాలు వదిలితే కత్తెర మాయమయ్యేది. వారాలు అలాగే గడిచాయి. ఆ వంకర ఆలోచన పెద్దాయన మరచేత్తో గ్లాసు ఎత్తి నీళ్ళు తాగడం దాకా వచ్చాడు. మా బావ దగ్గరికొచ్చి వీపు తట్టి, "సూటిగా మాస్టారూ, సుద్దగీతలాగా" అన్నాడు. వెటకారం కాదు, పాపం ప్రేమగానే అన్నాడు. బావ తల దించుకున్నాడు.

ఆరోజు తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మాట్లాడకపోతే మాకు హాయిగా ఉండాలి. లేదు. చివరికి నెమ్మదిగా అన్నాడు.

"చెయ్యి ఎలా కదుపుతారో గుర్తు రావడం లేదురా. నీకు గుర్తుందా? నువ్వెలా కదుపుతావు?"

నా చేతిని చూసుకున్నాను. వేళ్ళు ముడిచాను, విప్పాను. ఎలా చేశానో నాకూ తెలియలేదు. ఈ మనిషి గుండీలు తిప్పి పంపినప్పుడల్లా విసుక్కున్నాను గానీ, ఆయన్ని ఇలా చూడటం కంటే నా సరుకంతా రోడ్డు మీద విసిరేసినా సంతోషించేవాణ్ణి.

బస్సు దిగి ముగ్గురం నా కొట్లో కాసేపు కూర్చున్నాం. పొద్దున వచ్చిన అస్తరు గుడ్డ తాను ఇంకా బల్ల మీదే ఉంది. అక్క మంచినీళ్ళు తాగుతోంది, నేను లైటు వేస్తున్నాను. బావ ఎడమచెయ్యి దానంతటదే ఆ తాను మీదికి వెళ్ళింది. గుడ్డ అంచును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెల్లగా రుద్దుతున్నాడు. కళ్ళు సగం మూతపడ్డాయి. నోరు, పాలు తాగి నిద్రపోయే పసిపిల్లాడి నోరులా తెరుచుకుంది. గుడ్డ మంచీ చెడూ చూసేటప్పుడు ఎప్పుడూ అంతే. ఈగ దూరుతుంది బావా అని నేను వేళాకోళం చేస్తూ ఉంటాను. ఆ మాటే అనబోయాను. అక్క నా కాలు తొక్కింది.

నేను నోరు మూసుకున్నాను. ఇద్దరం ఆ తెరిచిన నోటి వంక చూస్తూ నిలబడ్డాం. "నేత పలచన. నాసిరకం" అని బావ గుడ్డ వదిలేశాడు. నేను ఆ నాసిరకం గుడ్డలోంచే జానెడు ముక్క చింపి జేబులో పెట్టుకున్నాను.

మర్నాడు ఇంజినీరమ్మాయికి సంగతి చెబితే, జుట్టులో పెన్సిలు పడిపోయేంతగా తల ఊపింది. గుడ్డముక్కను మొదట ఎడమచేతికిచ్చి రుద్దమంది. తర్వాత కుడివేళ్ళ మధ్య పెట్టి, అదే ఇక్కడా చేస్తున్నట్టు అనుకోమంది. బాణం వచ్చింది. బావ కళ్ళు సగం మూసుకున్నాడు. నోరు తెరుచుకుంది, ఎవరూ తెరవమనలేదు. తెర ఎర్రబడలేదు. మోటారు ఒకటి చిన్నగా మూలిగింది. బొటనవేలు ఒక వెంట్రుకవాసి జరిగింది. ఆగింది. ఇంకో వెంట్రుకవాసి జరిగింది.

ఇంజినీరమ్మాయి బుగ్గల గీతలు చూసింది. చదునుగా ఉన్నాయి. "ఇది మీదే మాస్టారూ. పూర్తిగా మీదే."

"ఇంతేనా?" అన్నాడు బావ. పళ్ళు చూపించిన ప్రతాపం ముందు ఇది ఆయన కళ్ళకు ఆనలేదు.

అంతే. అక్కణ్ణుంచి అలాగే, వెంట్రుకవాసి చొప్పున సాగింది. అతిథులెవరూ రాలేదు, వీపెవరూ తట్టలేదు. బావ కొట్లోంచి రోజుకో రకం గుడ్డముక్క పట్టుకెళ్ళేవాడు. ఉన్ని, నూలు, పట్టు, జనపనార. ముతక గుడ్డకు చెయ్యి బాగా పలికేది, నునుపైనదానికి అలిగేది. పాఠాలు మాత్రం మానలేదు. కొత్తగా వచ్చిన రోగులకు నోరు ఎంత తెరవాలో మెడలో టేపు తీసి కొలిచి మరీ చెప్పేవాడు.

ఒకరోజు సాధన మధ్యలో ఇంజినీరమ్మాయి మమ్మల్ని తెర దగ్గరికి పిలిచింది. బావ గుడ్డ మీద ధ్యాసలో ఉన్నాడు. ఒక గీత చూపించి గుసగుసగా చెప్పింది.

"ఇది మోటారు తోసే తోపు. రోజురోజుకీ తగ్గుతోంది చూశారా? దాని పని ఇంకెవరో చేస్తున్నారు."

మాకు అర్థం కావడానికి క్షణం పట్టింది. ఆ అమ్మాయి పెదాల మీద వేలు పెట్టుకుని, బల్ల కింద మీట నొక్కింది. మోటార్ల గుర్రు ఆగిపోయింది. రేకులు వదులయ్యాయి. ఇక అవి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. అక్క నా మోచెయ్యి పట్టుకుంది. గోళ్ళు దిగాయి, ఊరుకున్నాను.

బాణం వచ్చింది. బావ వేళ్ళ మధ్య ముతక ఉన్ని గుడ్డ ఉంది. బొటనవేలు వణికింది. ముందుకు జరిగింది, ఆగింది, మళ్ళీ జరిగింది. గుడ్డను చూపుడువేలికి నొక్కింది. ఒక్కసారి, వంకరటింకరగా, రుద్దింది. బావ కళ్ళు తెరిచి మొహం చిట్లించాడు.

"ఏమిటమ్మా ఇవాళ మీ మిషను?" అన్నాడు. "పని మరీ అధ్వాన్నంగా ఉంది. వణుకు, నత్తనడక, పట్టులో బలం లేదు. ఇలాంటి పనివాడు నా కొట్టుకొస్తే మధ్యాహ్నం దాకా కూడా ఉంచుకోను, నిలబెట్టి పంపించేస్తాను."

ఇంజినీరమ్మాయి తెర వంక చూస్తోంది. అక్క వెళ్ళి ఆయన ముందు వంగి, ఆ చేతి కింద తన అరచెయ్యి పెట్టింది.

"మిషను ఆపేశారండీ" అంది. "మీరు తిడుతున్నది మీ చేతినే."

బావ అక్క వంక చూశాడు. మీట వంక చూశాడు. ఆ తర్వాత చేతి వంక చూసి, గుడ్డను ఇంకోసారి రుద్దబోయాడు. బొటనవేలు సగం దాకా వెళ్ళి, అలిసిపోయి, ఆగిపోయింది. కళ్ళలోంచి నీళ్ళు కారి బుగ్గల మీది గుండీల మీద పడ్డాయి. తెర మీద గీతలన్నీ చెల్లాచెదురయ్యాయి. తుడుచుకోలేదు.

"సరే" అన్నాడు. "రేపట్నుంచి పన్లోకి రమ్మను."